సున్నమ్మ నడుము

రక్తపు చుక్క తేటగా ఉందని పచ్చదీపం వెలిగింది. ఒంట్లో మందు లేదు, మత్తు లేదు, కషాయం లేదు. దమయంతి వేలు తుడుచుకుని, చెప్పులు గడప ఇవతల విడిచి, గాజులు తీసి గూట్లో పెట్టి మదింపుశాలలోకి నడిచింది. గాజుల గలగల నాడిపట్టీలకు పడదు. పులుపు పడదు, పస్తు పడదు, ఇరుగుపొరుగుతో పోట్లాట అసలే పడదు. ఇన్ని పడనివాటితో కాపురం చేసీ చేసీ, తనకు పడేవేమిటో ఆమె మరిచిపోయింది.

శూన్యపీఠం హాలుకు నట్టనడుమ ఉంటుంది. ఉక్కుది. వీపు ఆనించుకోవడానికి ఏమీ ఉండదు. ఆనుకుంటే కండరాలు బద్ధకిస్తాయనీ, బద్ధకించిన ఒంట్లోంచి వచ్చే సున్నా నికార్సైన సున్నా కాదనీ దాన్ని తయారు చేసినవాళ్ల వాదం. వాళ్లెవరూ దాని మీద కూర్చున్న దాఖలా లేదు. దమయంతి కుడిచెయ్యి పీఠం అంచుకు ఆనించి, ఊపిరి బిగబట్టి, మెల్లగా ఒళ్లు దించింది. నడుము కింద ఎడమపక్కన, రోజూ కలుక్కుమనే చోటే కలుక్కుమంది. ఆ పోటు పిర్ర మీదుగా మోకాలి వెనక్కి దిగి అక్కడ తిష్ఠ వేసింది. ఆమె మొహంలో ఏమీ మారలేదు. మారనివ్వకపోవడమే ఆమె ఉద్యోగం.

"సిద్ధమేనా దమయంతి గారూ?" అని గాజుబల్ల వెనకనుంచి అడిగాడు ప్రద్యుమ్న. నాచు క్షేత్రానికి మదింపు అధికారిగా వచ్చి ఎన్నాళ్లో కాలేదు. చిన్నవాడు, మర్యాదస్తుడు. ఎవరినీ పేరుకు "గారు" తగిలించకుండా పిలవడు, నీటి కోతకు పంపేటప్పుడు కూడా.

"ఆయ్, సిద్ధమేనండి."

మెడకూ నడుముకూ మణికట్లకూ నాడిపట్టీలు తనే బిగించుకుంది. తెర మీద తెల్లటి గీత ఒకటి అటు చివరినుంచి ఇటు చివరిదాకా సాఫీగా పరుచుకుంది. గీత పక్కన సున్నా. "ఆధారదేహం స్థిరం" అంది కేంద్రం గొంతు, గోడలోంచి.

ఇక ఈ పూటకు ఎవరికి ఎంత నొప్పి ఉందో ఆమె ఒంటితో పోల్చే తేలుస్తారు. ఎదురు కుర్చీలో కూర్చున్నవాళ్ల నాడులు ఒక పక్క, ఆమె నాడులు ఒక పక్క. మధ్య తేడాయే వాళ్ల బాధాంకం. అది ముప్ఫై దాటితే ఒడ్డు పని. షెడ్డులో కూర్చుని నాచు ఏరుకోవచ్చు, పిండి జల్లించుకోవచ్చు. దాటకపోతే నీటి కోత. పాత రేవును సముద్రం మింగిన చోట మైళ్ల కొద్దీ తాళ్లు కట్టి నాచు పెంచుతున్నారు. కోతకూలీ రొమ్ముల్లోతు నీళ్లలో దిగి, ఎడం చేత్తో తాడు పట్టుకుని, కుడి చేత్తో కొడవలి ఆడించాలి. తాడు పట్టు తప్పితే ఆ మనిషిని క్షేత్రం చివర కట్టిన వల దగ్గర వెతుక్కోవాల్సిందే.

దమయంతి కూడా ఒకప్పుడు కోతమనిషే. క్షేత్రంలో మొదటి నాడీ సర్వే జరిగినప్పుడు అన్ని వేలమందిలో అలజడి అన్నది లేని ఒళ్లు ఆమెదొక్కతిదే అని తేలింది. దాంతో నీళ్లలోంచి పైకి తీసి, కట్ట మీద ఇల్లిచ్చి, ఆధారదేహం అని పేరు పెట్టి పీఠం ఎక్కించారు. జనం మాత్రం సున్నమ్మ అన్నారు. మొదట్లో వెక్కిరింతకే అన్నారు. తర్వాత అది పేరైపోయింది.

నడుంనొప్పి ఎప్పుడు మొదలైందో ఆమెకు సరిగా గుర్తులేదు. ఆ పీఠం మీద పొద్దుగూకులూ కదలకుండా కూర్చుంటే ఇనపబొమ్మకైనా వస్తుంది. మొదట్లో బెదిరింది. ఈ మాట బయటపడితే ఇల్లు పోతుందని ఆలోచించింది. కానీ మర్నాడు తెర మీద సున్నాయే వచ్చింది. ఆ మర్నాడూ సున్నాయే. అప్పుడామెకు తల్లి ఎప్పుడూ చెప్పే మాట గుర్తొచ్చి ధైర్యం వచ్చింది. "ఓర్చుకున్న నొప్పి ఒంట్లోది కాదే" అనేది తల్లి, పురుళ్లకూ కాలినదానికీ తేలు కుట్టినదానికీ అన్నింటికీ ఆ ఒక్క మందే. తను అలా ఓర్చుకుంటున్నది కాబట్టి యంత్రానికి కనపడటం లేదనీ, తను ఎంత బాగా ఓర్చుకుంటే అందరి లెక్కా అంత నిక్కంగా ఉంటుందనీ దమయంతి నమ్మింది. లోలోపల కాస్త గర్వపడింది కూడా. ఆ గర్వం మోకాలి వెనక నొప్పితోపాటే పెరుగుతూ వచ్చింది.

మిగతావన్నీ తగ్గాయి. ఆధారదేహానికి దుఃఖవార్తలు చెప్పకూడదని నియమం. చెప్పాల్సివస్తే కొలతలన్నీ అయ్యాక, పట్టీలు విప్పాక చెప్పాలి. కిందటి వానాకాలం సూరిబాబు తాడు వదిలేసిన కబురు కూడా ఆమెకు అలాగే, పట్టీలు విప్పుతుండగా చెప్పారు. ఒకే తాడు మీద ఆమె పక్కన కోసినవాడు. పాటలు కట్టేవాడు. "అలాగా" అంది ఆమె. ఇంటికెళ్లి బియ్యం కడిగి ఎసట్లో పోసింది. అన్నం ఉడికింది, తిన్నది. ఏడుపు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందిలే అని కొన్నాళ్లు చూసి, రాకపోతే ఊరుకుంది.

"మొదటివారిని పంపండి" అన్నాడు ప్రద్యుమ్న.

దోనెలు లాగే సత్తిరాజు వచ్చాడు. ముసలివాడు. చలవ చేసిన పంచె కట్టి, నెత్తికి నూనె రాసి, బొట్టు పెట్టుకుని మరీ వచ్చాడు. ఇక్కడి జనంతో ఇదో తంటా. అధికారి ముందుకు మాసినగుడ్డతో, ముడుచుకున్న మొహంతో వెళ్లడం తప్పనుకుంటారు. ముందురోజు ఇసుక మూటలతో కాపడం పెట్టించుకుని, వేణ్ణీళ్లు పోసుకుని, ఒళ్లు కాస్త నెమ్మదించాక పెళ్లిచూపులకు వచ్చినట్టు వస్తారు. నొప్పి చూపించుకోవడానికి వెళ్తూ నొప్పిని ఇంటి దగ్గర వదిలి వెళ్లేవాళ్లు ఇంకెక్కడా ఉండరేమో.

"మొన్ననే చేశారు కదండీ నాకు?" అన్నాడు సత్తిరాజు కుర్చీలో కూర్చుంటూ.

"మళ్లీ చేస్తున్నాం సత్తిరాజు గారూ. ఇవాళ్టి కొలత పడ్డాక మొన్నటిది చెల్లదు. పైనుంచి ఉత్తర్వు."

"మొన్న నలభై రెండన్నారండి. ఒడ్డు పనన్నారు."

"ఇరవై ఆరు" అంది గోడలోని గొంతు.

సత్తిరాజు తెర వంక చూశాడు. తర్వాత తన చేతుల వంక చూసుకున్నాడు, అవి ఎవరివో అయినట్టు. "సరే మరి" అని లేచాడు. లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. ఇంటికి వెళ్లకుండా హాలు వెనక గోడకు చేరబడి నిలబడ్డాడు. అలా నిలబడకూడదని ఎవరూ చెప్పలేదు.

తర్వాత వచ్చినవాళ్లూ అంతే. మొన్న ముప్ఫై దాటినవాళ్లు ఇవాళ దాటడం లేదు. ఒకరి తర్వాత ఒకరు నీటి కోతలోకి వెళ్లిపోతున్నారు. దమయంతి వాళ్ల మొహాల వంక చూడలేదు. ఎదురుగోడ మీద సున్నపు పెచ్చు ఊడిన చోటు ఒకటి ఉంది. కొలతలు జరిగినంతసేపూ ఆమె చూపు అక్కడ పెట్టుకుంటుంది. అంకెలు చెవిన పడతాయి, లోపలికి వెళ్లవు. వాటిని గడప దగ్గరే ఆపేయడం ఆమెకు బాగా చేతనవును.

విరామం వేళకు జనాన్ని బయటికి పంపి తలుపులు వేశాక, ప్రద్యుమ్న తనే రెండు గ్లాసుల్లో టీ పోసి తెచ్చాడు. ఆమె పట్టీలు విప్పుకుని నేలమీదికి దిగింది. నిలబడితే నొప్పి ఒక రకం, కూర్చుంటే ఒక రకం. మార్పు మంచిదే అన్నట్టు నిలబడే తాగింది.

"ఈ వారమంతా గందరగోళం అండీ" అన్నాడు ప్రద్యుమ్న. మనసులో మాట చెప్పుకోవడానికి అతనికి ఇక్కడ ఎవరూ లేరు. "మొన్న మీ పీఠం మరమ్మతుకు పంపాం చూడండి, ఆ రోజు మిమ్మల్ని నా కుర్చీలో కూర్చోబెట్టాను కదా."

"ఆయ్. దూది కుర్చీ అండి. మెత్తగా ఉంది."

"ఆ రోజు అందరికీ బాధాంకాలు పెరిగిపోయాయి. ఒక్కరు కాదు, మొత్తం అందరికీ. కేంద్రం వాళ్లు నన్ను నిలదీశారు. ఏళ్ల తరబడి మన క్షేత్రంలో నొప్పులు తగ్గుతూ వస్తున్నాయి, దేశం మొత్తానికి ఆదర్శం అని చెప్పుకుంటున్నాం, ఒక్క రోజులో ఇదేమిటి అని. తీరా నేను కూర్చుని లెక్క చూస్తే తమాషా ఏమిటంటే, తేడా అందరికీ ఒకటే. పదహారు. మహా అయితే అర గీత అటూ ఇటూ. మనుషుల నొప్పి ఎక్కడైనా అలా కొలిచి పోసినట్టు పెరుగుతుందా? ఒక్కొక్కరికీ ఒక్కోలా పెరగాలి గానీ. కాబట్టి అది వాళ్ల నొప్పి కాదు. కుర్చీ వైరింగులో లోపం. కేంద్రం కూడా ఒప్పుకుంది. అందుకే ఆ రోజు కొలిచినవాళ్లందర్నీ మళ్లీ పిలిపించాను."

దమయంతి గ్లాసు అంచు మీద వేలు తిప్పుతోంది. ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. కుర్చీ వీపుకు చేరబడగానే నడుములోని ముడి తనంతట తనే విప్పుకున్నట్టయింది. మోకాలి వెనక తిష్ఠ వేసినది కూడా లేచి ఎటో పోయింది. చాలా ఏళ్ల తర్వాత ఒళ్లు ఒళ్లులా అనిపించి, కొలతలు జరుగుతుండగానే ఆమెకు కునుకు పట్టినంత పనయింది. పీఠం తిరిగి వచ్చిందని తెలిసినప్పుడు కాస్త బెంగ కూడా పెట్టుకుంది.

అందరికీ పదహారు పెరిగింది. ఆ రోజు హాల్లో కొత్తగా ఉన్నది ఒక కుర్చీ. లేనిది ఒక నొప్పి.

ఆమె మళ్లీ మొదటినుంచి ఆలోచించింది, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. తను ఓర్చుకున్నది ఎక్కడికీ పోలేదు. రోజూ పొద్దున్నే ఆ పీఠం మీద కూర్చుని, తన నొప్పినంతా తెచ్చి సున్నా కింద పరుస్తోంది. ఎదురు కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషి నొప్పిలోంచీ యంత్రం దాన్ని తీసేస్తోంది. ఏటేటా క్షేత్రంలో నొప్పులు తగ్గుతున్నాయంటే, ఏటేటా తన నడుము పాడవుతోందని. ఆమె పళ్లబిగువున ఓర్చుకున్నదంతా వాళ్ల లెక్కలోంచి పోయింది.

సూరిబాబుకు ఇరవై రెండు వచ్చిందని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. ఆమె దానికి పదహారు కూడబోయి ఆగింది. ఆగినా లాభం లేకపోయింది. చిన్న కూడిక, దానంతటదే అయిపోయింది.

"ఏమైందండీ? చల్లారిపోయిందా టీ?" అన్నాడు ప్రద్యుమ్న.

"లేదండి. బానే ఉందండి."

భయం వేసింది దమయంతికి. అది భయమని గుర్తుపట్టడానికే కొంత సేపు పట్టింది, పరిచయం తగ్గిన మనిషిని సంతలో చూసినట్టు. చెబితే? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. కట్ట మీద ఇల్లు పోతుంది. ఈ నడుముతో నీటి కోతకు పనికిరాదు, ఒడ్డు పనికి పంపాలంటే బాధాంకం కావాలి, తన బాధాంకం ఎవరూ కొలవలేరు. ఆమె చెప్పలేదు. గ్లాసు కడిగి బోర్లించింది. పీఠం ఎక్కింది. పట్టీలు బిగించుకుంది. గీత సాఫీగా పరుచుకుంది. పక్కన సున్నా.

"ఆధారదేహం స్థిరం."

విరామం తర్వాత జనం తిరిగి వచ్చి వెనక గోడకు చేరారు; మొదట కుర్చీ దగ్గరికి వచ్చింది వీరవేణి. దమయంతి నీళ్లలో ఉన్న రోజుల్లో ఆమె చేతి కిందే కోత నేర్చుకున్న మనిషి. వరస లేకపోయినా వదినా అనే పిలుస్తుంది. ఇస్త్రీ చీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం కొంగులో దాచుకుంది, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు. ఆధారదేహంతో మాట్లాడకూడదు కాబట్టి గోడతో మాట్లాడింది.

"మా వదిన చూడండి, దేవతలా కూచుంది. ఈగ వాలినా తోలుకోదు. మాకేమో నడుఁవులు ఇరుగుతున్నాయి, జబ్బలు లాగేత్తన్నాయి. దేవుడు ఒకే సముద్రంలో ముంచి తీసినా ఒకళ్లని రాయిలా తీత్తాడు, ఒకళ్లని అప్పడంలా తీత్తాడు."

"మాట్లాడకండి వీరవేణి గారూ" అన్నాడు ప్రద్యుమ్న, మెత్తగానే.

"ఆయ్, ఊరుకున్నానండి. మొన్న నలభై అన్నారు కదాని నవ్వొచ్చి అన్నానండి. ఇంటికెళ్లి పాయసం వొండుకున్నాం."

దమయంతి చూపు సున్నపు పెచ్చు దగ్గర నిలవలేదు. జారి జారి వీరవేణి చేతి మీదికే పోతోంది. పట్టీ కట్టడానికి కొంగు తీశారు. వేళ్లు సగం ముడుచుకుని ఉన్నాయి. చాపమన్నారు. చాపబోయింది. మొహంలో నవ్వు అలాగే ఉంది, పై పెదవి మీద మాత్రం చెమట పోసింది.

దమయంతి చెయ్యగలిగిందల్లా చేసింది. ఒంటిని వదులు చెయ్యాలని చూసింది. తన నొప్పి తగ్గితే ఎదుటివాళ్ల అంకె పెరుగుతుంది కదా. ఊపిరి నిదానంగా వదిలింది. దూది కుర్చీని తలుచుకుంది. నడుము వినలేదు. ఎంత తగ్గమని బతిమాలితే అంత బిగుసుకుంది.

"ఇరవై నాలుగు" అంది గోడ.

వీరవేణి నవ్వు వెంటనే పోలేదు. పోవాలని తెలియనట్టు కాసేపు మొహం మీదే ఉండిపోయింది. "నలభై అండి" అంది, అంకె సవరిస్తున్నట్టు.

"అది యంత్రదోషం వల్ల వచ్చిందండీ. ఇవాళ వచ్చిందే అసలు కొలత. రేపటినుంచి మీకు నీటి కోత, ఏడో తాడు."

ఏడో తాడు లోతు ఎక్కువ. సూరిబాబుది కూడా అదే తాడు. హాలు వెనక నిలబడ్డవాళ్లకు ఆ సంగతి తెలుసు. అయినా మొరపెట్టుకోవడం ఇక్కడ ఎప్పుడో మానేశారు. అంకెతో ఎవరు మాత్రం పోట్లాడతారు?

"సరేనండి" అంది వీరవేణి. లేవలేదు. "ఒక్క మాటండి. ఈ చెయ్యి తాడు పట్టదండి. మీరు నన్ను తాడుకి కట్టేత్తారా? నడుఁవుకాడ ఓ ముడి ఏత్తే చాలు. చెయ్యి వదిలేసినా మడిసి ఉంటాది కదండి. కుడిచేత్తో కోత్తాను. కోత తక్కువ రానివ్వను."

ప్రద్యుమ్న గొంతు సవరించుకున్నాడు. "కట్టడం నిషిద్ధం అండీ. అల వచ్చినప్పుడు తాడు మెడకు చుట్టుకుంటుంది. మీ భద్రత కోసమే ఆ నియమం."

"ఆయ్. అదీ నిజమే" అంది వీరవేణి.

ఆ ఒప్పుకోవడం దమయంతి వినలేకపోయింది. ఏడ్చినా, తిట్టినా, జుట్టు పీక్కున్నా ఆమె కదిలేది కాదేమో. అలాంటివి ఆపడానికి గడప ఉంది. ఇది గడప దాటి లోపలికి వచ్చేసింది.

"అయ్యా" అంది దమయంతి.

హాలంతా ఆమె వంక తిరిగింది. పీఠం మీదనుంచి ఆ గొంతు అంతకుముందు వాళ్లెవరూ వినలేదు.

"నాకు నడుఁవు నొప్పండి. శానా ఏళ్ల బట్టి ఉందండి."

ప్రద్యుమ్న తెర చూశాడు. "లేదండీ. చూడండి, సున్నా ఉంది. ఉంటే చూపించేది కదా."

"ఎలా చూపిత్తాదండి? నాలోంచి నన్నే తీసేత్తే సున్నా కాక ఇంకేం మిగుల్తాది? ఆ పదహారు కుర్చీది కాదండి, నాది. మొన్న మీ కుర్చీలో నాకు సుకంగా ఉంది. అందుకే వాళ్ల నొప్పి వాళ్లకి వచ్చింది. ఇయ్యాల మళ్లీ నేను తీసేసుకుంటన్నాను."

అతనికి అర్థమైంది. అర్థమైనట్టు చెవులు ఎర్రబడటంలో తెలిసింది. గాజుబల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆమె దగ్గర వంగి, గొంతు తగ్గించి మాట్లాడాడు. దుర్మార్గుడైతే బెదిరించేవాడు. ఇతను బతిమాలాడు.

"దమయంతి గారూ, ఈ మాట ఇక్కడ అనకండి. ఎన్ని వేల మదింపులండీ! ఎన్నేళ్లవి! అన్నీ తిరగదోడాలి. వేరే క్షేత్రాలు కూడా మన సున్నానే వాడుకుంటున్నాయి. నేను పైవాళ్లతో మాట్లాడతాను, మీకు మెత్తటి పీఠం అడుగుతాను. అంచెలంచెలుగా సర్దుదాం. ఇన్నాళ్లు ఓర్చుకున్నారు కదా, ఈ ఒక్క పూట ఓర్చుకోండి."

"రేపు దాన్ని నీళ్లలోకి దింపుతారు కదండి?"

"ఆధారదేహం స్థిరం" అంది గోడ, ఎవరూ అడగకపోయినా.

ఓర్చుకోవడం ఆమెకు వచ్చిన ఒకే ఒక్క విద్య. దానికే పీఠం ఎక్కించారు, దానికే ఇల్లిచ్చారు, దానికే దేవత అన్నారు. కొలత మధ్యలో ఆధారదేహం లేచిపోతే ఆ పూట వేసినవన్నీ రద్దవుతాయి, కొత్త కొలత పడేదాకా ముందటి తరగతే చెల్లుతుంది. ఉద్యోగంలో చేరిన రోజున చెప్పిన మొదటి జాగ్రత్త అది. ఏం చేసినా లేవకమ్మా, కూర్చునే ఉండు అన్నారు. వీరవేణికి ముందటి తరగతి ఒడ్డు పని. సత్తిరాజుకూ అంతే. దమయంతి మెడ పట్టీ విప్పింది. మణికట్లవి విప్పింది. నడుముది ఆఖరున విప్పి ఒళ్లో పెట్టుకుంది.

తర్వాత లేచింది. రోజూ అందరూ వెళ్లిపోయాక, తలుపులు వేశాక లేచేది. ఇవాళ వాళ్ల ముందే లేచింది. రెండు చేతులూ మోకాళ్ల మీద మోపి, సగం లేచి, అక్కడ ఆగిపోయి, "అమ్మా" అంది. గట్టిగా, నోరారా అంది. ఆ కేక విని తనే ఉలిక్కిపడింది. ఎడమచేత్తో నడుము పట్టుకుని వంగి నిలబడింది. సున్నమ్మ నడుము పట్టుకోవడం క్షేత్రంలో ఎవరూ చూసి ఎరగరు. సత్తిరాజు గోడనుంచి ఒక అడుగు ముందుకు వేశాడు.

తెర మీద గీత పోయింది. సున్నా పోయింది. "ఆధారదేహం లేదు. మారుదేహాన్ని కూర్చోబెట్టండి" అంది గోడ.

ప్రద్యుమ్న చుట్టూ చూశాడు. నియమం ప్రకారం అడగాల్సిన మాట అడిగాడు. "మీలో ఏ నొప్పీ లేనివారు ఎవరైనా వచ్చి కూర్చోండి. ఈ పూట వరకే."

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ కదలలేదు. వెనక ఎక్కడో ఒకామె కిసుక్కుమని నవ్వి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మారుదేహాన్ని కూర్చోబెట్టండి."

"తమరే కూకోండి బాబూ" అన్నాడు సత్తిరాజు. "సిన్నోరు. మీకేం నొప్పులుంటాయి?"

ప్రద్యుమ్న పీఠం దాకా వెళ్లాడు. దాని అంచు మీద చెయ్యి వేశాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. కూర్చోలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

దమయంతి వీరవేణి కుర్చీ పక్కన నేల మీద చతికిలబడింది. చల్లటి నేల. నడుము మండుతూనే ఉంది. ఇల్లు ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారో, ఎక్కడికి పోవాలో అన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చినదాన్ని ఆమె ఆపలేదు. వీరవేణి తన మంచి చేతిని ఆమె భుజం మీద వేసింది.

గోడ మూడోసారి కూడా అడిగి ఊరుకుంది. ప్రద్యుమ్న తిరిగి తన బల్ల దగ్గరికి వెళ్లలేదు. అక్కడ చూడటానికి ఏమీ లేదు. వీరవేణి ఎదురుగా వచ్చి నిలబడి, నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. చదువుకున్నన్నాళ్లూ, ఉద్యోగం చేసినన్నాళ్లూ అడగాల్సిన అవసరం పడని మాట అది.

"ఎక్కడండీ నొప్పి?" అన్నాడు.

వీరవేణికి అర్థం కాలేదు. ఇది కూడా పరీక్షలో భాగమేమో, తప్పు చెబితే ఏమవుతుందో అన్నట్టు దమయంతి వంక చూసింది.

"చెప్పవే" అంది దమయంతి.

"ఏం చెప్పనొదినా?"

"ఉన్నదే చెప్పు. ఆ బాబుగారు ఇంటారు."

వీరవేణి ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని దాని వంక కాసేపు చూసింది. "పొద్దున్న లేచేతలికి ఈ చేతి ఏళ్లు నావి కావండి" అని మొదలుపెట్టింది. "జబ్బ కిందనుంచి వత్తాదండి, తాడు పీలికలు పీలికలు అయినట్టు..." ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. వెనకవాళ్లు వినడానికి దగ్గరికి జరిగారు. ప్రద్యుమ్న కాసేపు నిలబడి విన్నాడు. తర్వాత అతనూ నేల మీద కూర్చున్నాడు.